జూదపు అనిమేకు ఇంగ్లిష్‌లో గొంతు ఇవ్వడం ఎలా

జూదం కథలో పాత్ర తన చేతిలోని ముక్కలను ఎంత జాగ్రత్తగా దాచుకుంటుందో, ఆ పాత్రకు మాట చెప్పేవారు తమ గొంతులోని భావాన్ని కూడా అంత జాగ్రత్తగా దాచుకోవాలి. సాధనకు, 2017లో మాప్పా స్టూడియో రూపొందించిన 'కాకెగురుయి' అనే జూదపు అనిమే (జపనీస్ యానిమేషన్ ధారావాహిక) మొదటి ఎపిసోడ్‌ను ఎంచుకోండి. అందులో జూదమంటే ఉన్మాదమున్న కథానాయిక యుమెకో జబామి పాత్రకు జపనీస్‌లో సావొరి హయామి, ఇంగ్లిష్‌లో ఎరికా హార్లాకర్ గొంతు ఇచ్చారు. రెండింటినీ వెంటవెంటనే వినండి.

ముందుగా స్క్రిప్టులో పైకి అనే మాటలను, మనసులో అనుకునే మాటలను వేరువేరు రంగులతో గుర్తించండి. పైకి అనే మాట పెదవుల కదలికకు కట్టుబడి ఉండాలి. అనిమేలో పెదవులు ప్రతి అక్షరాన్నీ పలకవు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు, సాధారణంగా ఈ కొద్ది బొమ్మలే మారుతూ వస్తాయి కాబట్టి, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పట్టుకుంటే చాలావరకు కుదురుతుంది. మనసులోని మాటకు ఆ కట్టడి లేదు. అక్కడ మైకుకు కాస్త దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, ఓడిపోతానేమోనన్న భయాన్నంతా ఊపిరిలోనే వినిపించండి. ఆ వెంటనే పైకి అనే మాటలో మాత్రం దాని జాడ కూడా ఉండకూడదు. ఈ రెండు గొంతుల మధ్య తేడా చెరిగిపోతే, నా దృష్టిలో ఆ సన్నివేశంలో ఆటే మిగలదు.

పందెం మొత్తం చెప్పే చోట మరింత శ్రద్ధ కావాలి. కోటి యెన్లను జపనీస్‌లో 'ఇస్సెన్‌మాన్ ఎన్' అంటారు. ఇంగ్లిష్‌లో 'టెన్ మిలియన్ యెన్' అనేసరికి మాట ముందే ముగిసి, బొమ్మ నోరు ఇంకా కదులుతూనే ఉండవచ్చు. అలాంటప్పుడు అచ్చులను సాగదీయకుండా, ముందు ఒక చిన్న మాట చేర్చవచ్చా అని డైరెక్టర్‌ను అడగండి. అంకెను ఒత్తి పలకవద్దు. యుమెకో అంత డబ్బును తేలికగా చెప్పినప్పుడే ఎదుటివారికి గుండె జారుతుంది.

ఆమె ఎంత ఉన్మాదంలోనూ 'దెసు', 'మసు' అనే జపనీస్ మర్యాద క్రియారూపాలతోనే మాట్లాడుతుంది. ఇంగ్లిష్ క్రియలకు అలాంటి మర్యాద రూపం లేదు. అందువల్ల హల్లులను స్పష్టంగా, మాటను నిదానంగా ఉంచి, ఉన్మాదాన్ని వేడెక్కిన శ్వాసకు వదిలేయాలి.

అరుపులనూ పగలబడి నవ్వే ఘట్టాలనూ రికార్డింగ్ చివరికి పెట్టమని కోరండి. గొంతు ముందే బొంగురుపోతే ఆ సన్నని గుసగుసలు పలకవు.