విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొనే ముందు

– ముందు నంబరు. బ్లాక్ (ఇంజన్ ప్రధాన దిమ్మె) మీది ఇంజన్ నంబరు, దాన్ని ఊడదీసిన కారు ఆర్సీ కాపీతో కలవాలి. అక్కడ గ్రైండింగ్ గీతలుంటే బేరం కూడా ఆడొద్దు.

– చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మనం వెళ్లేసరికే వేడెక్కి ఉంటే అనుమానించాల్సిందే. నేనొకసారి అలాగే మోసపోయాను. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. ఆయిల్ మూత తిప్పి లోపల వేలితో తుడవండి: మీగడలా తెల్లగా అంటితే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ బ్లాక్‌కీ మధ్య లీకు కాకుండా పెట్టే పలక) మెకానిక్‌కి చూపించండి.

– కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి; మెకానిక్ గేజ్‌తో చూస్తాడు) అన్ని సిలిండర్లలో దాదాపు ఒకేలా ఉండాలి.

– బిగించకముందే టైమింగ్ బెల్ట్, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు, క్లచ్ ప్లేట్ మార్చేయండి. తర్వాతైతే మళ్లీ ఇంజన్ దింపిన కూలీ.

– వేరే రకం ఇంజన్ అయితే ఆర్టీవో అనుమతి ముందే కావాలి. ఏదైనా సరే, మార్చిన 14 రోజుల్లోపు చెప్పి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోండి. ఇన్సూరెన్స్‌లో కూడా.