పాత తలుపుకి స్క్రూలు పట్టకపోతే

స్క్రూ తిప్పుతుంటే చివర్లో బిగుసుకోవాలి. బిగుసుకోకుండా ఊరికే తిరుగుతూనే ఉందంటే బెజ్జం గుల్లయిపోయినట్టు. అప్పుడు ఇంకాస్త బలంగా తిప్పకండి. లోపల మిగిలిన కాస్త చెక్క కూడా పొడి అయిపోతుంది.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చి రోజుల తరబడి నిలిచిపోయాక మా వీధిలో చాలా తలుపులు ఉబ్బిపోయాయి. వాటిని ఊడదీసి, ఆరబెట్టి, మళ్ళీ ఎక్కించబోతే పాత బెజ్జాల్లో స్క్రూలు నిలవలేదు. మా హాలు తలుపు టేకుది, మా మామగారు చేయించింది. మేస్త్రి వచ్చి చూసి, "తీసి పారేయండమ్మా, ఫ్లష్ డోర్ వేసేద్దాం, ఒక్క పూట పని" అన్నాడు. అంటే ప్లైవుడ్ అంటించిన చదును తలుపు. చెక్క శుభ్రంగా ఉంది, పోయినవి బెజ్జాలు. దానికోసం తలుపు పారేస్తామా? మా నాన్న వడ్రంగం చేసేవారు, ఉలి పట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. నేనే కూర్చున్నాను.

ముందు తలుపు పూర్తిగా ఆరాలి. ఎండలో పెడితే వంకర పోతుంది, పగుళ్ళు కూడా వస్తాయి. నీడలో, కింద గాలి ఆడేలా చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి, అప్పుడప్పుడు తిరగేస్తూ ఉండాలి. తడి చెక్కకి జిగురు సరిగా అంటదు. అంటినా చెక్క ఆరి కుంచించుకున్నప్పుడు వదిలేస్తుంది. ఎత్తి చూసినప్పుడల్లా బరువు తగ్గుతూ వచ్చి, ఇక తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

తర్వాత బెజ్జాలు చూడండి. తలుపుని ద్వారబంధానికి కలిపే బందుల్లో పైదాని దగ్గరే ఎక్కువ పాడై ఉంటుంది, ఎందుకంటే తలుపు బరువు పై బందుని ద్వారబంధం నుంచి బయటికి లాగుతుంది, కింది బందుని లోపలికి నొక్కుతుంది. సన్నటి ఇనప పుల్లతో బెజ్జం లోపల గీకండి. నల్లటి పొడి రాలితే అది ఇనప స్క్రూ తుప్పు చేసిన పని. తుప్పు పట్టిన ఇనుము చుట్టూ చెక్క మెత్తబడి నల్లగా పెళుసుబారుతుంది. గట్టి చెక్క తగిలేదాకా ఆ నలుపంతా తీసేయాలి.

అందరూ చెప్పే చిట్కా అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో కుక్కడం. వంటింటి అల్మరా తలుపుకి ఫరవాలేదు, గట్టిగా కుక్కితే చాలాకాలం నిలుస్తుంది. బరువైన టేకు తలుపుకి నేను చేయను. లావు స్క్రూ వేయడం ఇంకో చిట్కా. దాని తల బందు గుంటలో ఇమడదు, పైకి పొడుచుకు వస్తుంది, తలుపు మూసేటప్పుడు బందు రెండు రేకులూ కలవవు. ఆ మందాన్నే పొడుగు స్క్రూ అయితే తప్పు లేదు, లోతున గట్టి చెక్క ఉంటేనే సుమా. గోడకి వేసే ప్లాస్టిక్ గిట్టి మాత్రం చెక్కలో పెట్టకండి. పుట్టీ కూడా అంతే, అది కంటికి ఇంపుగా కనిపించడానికే, బరువు మోయదు.

గట్టి పని కావాలంటే బెజ్జంలోకి కొత్త చెక్క ఇవ్వాలి. సులువైన దారి బిరడా. పది మిల్లీమీటర్ల బిట్టుతో బెజ్జాన్ని గుండ్రంగా, స్క్రూ కంటే కాస్త లోతుగా తొలిచి, సరిగ్గా పట్టే గుండ్రటి చెక్క పుల్లకి జిగురు రాసి సుత్తితో దించి, పైన సమంగా కోసేయడం. మధ్య బందుకీ కింది బందుకీ ఇది చాలు. అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఆ పుల్లలో నార, అంటే చెక్క పోగుల వరస, పొడుగునా ఉంటుంది, స్క్రూ ఆ నార వెంటే దిగుతుంది. నారకి అడ్డంగా దిగిన స్క్రూకి ఉన్నంత పట్టు దానికి రాదు.

అందుకే పై బందుకి నేను అతుకు వేశాను. బందు రేకు కప్పేసే చోట, పాత బెజ్జాలన్నీ లోపలికి వచ్చేలా, తలుపు అంచులో ఉలితో పొడుగాటి గాడి తీశాను. వెడల్పు ముప్పావు అంగుళం, లోతు అంగుళం పైన. రెండు పక్కలా గట్టి చెక్క మిగలాలి, లేకపోతే అంచు చీలుతుంది. అడితిలో టేకు తుంపు ఒకటి అడిగి తెచ్చుకోండి. దాని నార కూడా తలుపు నార లాగే నిలువుగా ఉండేలా కోయాలి. అప్పుడు స్క్రూ నారకి అడ్డంగా దిగుతుంది. ముక్క వేలితో నొక్కితే దిగేంత వదులూ వద్దు, సుత్తితో బాదితే గానీ దిగనంత బిగువూ వద్దు. చిన్నగా తడితే కూర్చోవాలి.

జిగురు పైన ఏ పూతా లేని వట్టి చెక్కకే అంటుతుంది కాబట్టి పాత రంగు, నూనె మరక ఏమున్నా గీకేయండి. తడి తగిలే తలుపుకి మామూలు ఫెవికాల్ కాకుండా నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం తీసుకోండి. రాసి, బిగించి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేయండి. మా ఆయన సాయంత్రానికే "ఎక్కించేద్దామా" అని మొదలుపెట్టారు. ఆరాక పైకి వచ్చిన చెక్కని ఉలితో సమం చేస్తే బందు చదునుగా కూర్చుంటుంది.

కొత్త చెక్కలోకి స్క్రూని నేరుగా దించకూడదు. ఎనిమిదో నంబరు స్క్రూకి మూడు మిల్లీమీటర్ల బిట్టుతో, బందు బెజ్జానికి సరిగ్గా మధ్యలో చిన్న దారి వేసుకోండి. మధ్య తప్పితే స్క్రూ బందుని పక్కకి లాగుతుంది. మర మీద కొవ్వొత్తి మైనం రుద్దితే సాఫీగా దిగుతుంది. సబ్బు వద్దు, అది తేమని పట్టుకుని తుప్పు తెస్తుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి, వన్‌టౌన్ హార్డ్‌వేర్ కొట్లలో ఇంచున్నరవీ రెండించులవీ దొరుకుతాయి. ఇత్తడివే ముచ్చటైతే, ముందు అదే కొలత స్టీలు స్క్రూ దించి తీసి, ఆ దారిలో ఇత్తడిది వేయండి. ఇత్తడి మెత్తన, తల తెగిపోతుంది.

ఎక్కించేటప్పుడు తలుపు కింద అట్టముక్కలు పేర్చి ఎత్తు సరిచూసుకోండి, ఇంకొకరు పట్టుకోవాలి. బందుకి ఒక్కో స్క్రూ మాత్రమే వేసి, మెల్లగా తెరిచి మూసి చూసి, కుదిరాక మిగతావి వేయండి. చివరి రెండు మూడు తిప్పులు చేతి స్క్రూడ్రైవర్‌తోనే. మెషిన్‌తో బిగిస్తే కొత్త బెజ్జం కూడా గుల్లవుతుంది.

ఇంత చేసినా అంచు ఎక్కడైనా రాసుకుంటుంటే వానాకాలంలో చిత్రిక పట్టకండి. వేసవి దాకా ఆగి చూడండి. అప్పటికి చెక్క తగ్గుతుంది, అప్పుడూ రాసుకుంటే అక్కడ మాత్రం తీయండి.