ఆటో లాక్ కారులో పిల్లలతో బయల్దేరే ముందు

- బయల్దేరేదాకా కారుకు లాక్ వేసే ఉంచండి, తాళం పిల్లలకు అందనివ్వకండి. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో నలుగురు పిల్లలు ఊపిరాడక చనిపోయారు.

- వెనక తలుపు తెరిచి అంచు చూడండి. అక్కడి చిన్న మీటే చైల్డ్ లాక్. వేస్తే లోపలి హ్యాండిల్ పనిచేయదు. వెనక పెద్దవాళ్లే కూర్చుంటే తీసెయ్యడమే మేలు.

- వేగం అందుకోగానే తలుపులు వాటంతటవే లాక్ అవుతాయి. పిల్లలు జారిపడరు, సిగ్నల్ దగ్గర ఎవడూ తలుపు లాగలేడు. కానీ ప్రమాదం జరిగితే కాపాడటానికి వచ్చినవాళ్లూ తెరవలేకపోవచ్చు! ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే లాక్ ఊడే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. మీదాంట్లో ఉందో లేదో మాన్యువల్లో చూసుకోండి.

- అద్దాలు పగలగొట్టే సుత్తి చేతికందేలా ఉండాలి, డిక్కీలో పెడితే దండగ. కొట్టాల్సింది పక్క అద్దం మూలన.

- రిమోట్‌లో దాగిన ఇనప తాళం ఓసారి బయటికి తీసి చూడండి. బ్యాటరీ పోయిన రోజు అదే దిక్కు.