దోస్త్‌లో డిగ్రీ సీటుకి అప్లై చేసేముందు: ఓటీపీ ఎవరికీ చెప్పకండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచే ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "అమ్మా, పాపకి మార్కులెన్ని వచ్చినయ్? మా కాలేజీలో సీటుంది, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆధార్ నంబర్ చెప్పండి, ఇప్పుడొక ఓటీపీ వస్తది, అది చెప్పండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటం." గొంతు మర్యాదగానే ఉంటుంది. పనిలో ఉన్న తల్లి నమ్మి చెప్పేస్తుంది. అంతే, తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో ఆ పిల్ల పేరు మీద ఉండే ఐడీ, పిన్ వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. వెబ్ ఆప్షన్లలో, అంటే కావాల్సిన కాలేజీల్ని వరుసగా ఎంచుకునే చోట, వాళ్ల కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ చేసేస్తారు. పిల్ల తనంతట తాను అప్లై చేద్దామని కూర్చునేసరికి ఆ ఆధార్ మీద రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది. మంచి మార్కులుండి కూడా నిజాం కాలేజీకో కోఠి మహిళా యూనివర్సిటీకో వెళ్లాల్సిన పిల్లలు ఇలా పేరు కూడా వినని చోట తేలుతున్నారు. అందుకే ఓటీపీ, ఐడీ, పిన్ ఎవరికీ ఇవ్వకండి. తెలిసిన లెక్చరర్ అడిగినా, ఇంటర్ చదివిన కాలేజీ వాళ్లు అడిగినా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఊరుకోకుండా వెంటనే దగ్గర్లోని దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లి విషయం చెప్పండి.

2016లో మొదలైన దోస్త్ ద్వారా ఉస్మానియా సహా రాష్ట్రంలోని యూనివర్సిటీల పరిధిలో ఉన్న దాదాపు అన్ని డిగ్రీ కాలేజీలకీ ఒకే దరఖాస్తు సరిపోతుంది. కోర్టు ఉత్తర్వులతో బయట ఉన్న కొన్ని ప్రైవేటు కాలేజీలు మాత్రం సొంతంగా అడ్మిషన్లు చేసుకుంటాయి. అలాంటిది మీ మనసులో ఉంటే వాళ్ల గడువు విడిగా కనుక్కోండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు కావాలంటే సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, దోస్త్‌లో ఆ సీటు దొరకదు.

ముందు ఫోన్ సంగతి చూసుకోండి. ఆధార్‌కి లింకైన నంబర్‌కే ఓటీపీ వస్తుంది. చాలా ఇళ్లలో ఆ నంబర్ ఎప్పుడో రీచార్జ్ ఆపేసిన పాత సిమ్‌ది. నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ సెంటర్ దగ్గర లైన్లో నిలబడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, రిజల్ట్స్ రాకముందే మార్పించుకోండి. పక్కింటి వాళ్ల నంబరో, నెట్ సెంటర్ అతని నంబరో ఎక్కడా పెట్టొద్దు. ఆధార్‌లో, టెన్త్ మెమోలో, ఇంటర్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి.

ఆదాయ సర్టిఫికెట్ పాతది పనికిరాదు. ఆ ఏడు ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అడుగుతారు. జూన్‌లో మీసేవ దగ్గర రద్దీ ఉంటుంది, ఏప్రిల్‌లోనే అప్లై చేసి పెట్టుకోండి. నగరంలో ఉండేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. కుల ధ్రువీకరణ, ఈడబ్ల్యూఎస్ లాంటివి ఉంటే అవీ సిద్ధంగా ఉంచండి. రిజిస్ట్రేషన్ ఫీజు మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400.

అసలు తెలివిగా చేయాల్సిన పని వెబ్ ఆప్షన్లు. "నిజాం మనకెక్కడ వస్తదిలే, పైన పెడితే వేస్ట్" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ మొదటి ఆప్షన్ చూస్తుంది, మీ మార్కులకి అక్కడ సీటు లేకపోతే రెండోది చూస్తుంది. కష్టమైన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్నది పోదు. కాబట్టి మనసుకి నచ్చిన వరుసలోనే పెట్టండి. అయితే ఒక్కదాంతో ఆపకండి, చేరాలని లేని కాలేజీని లెక్క కోసం చేర్చకండి, అదే అలాట్ కావచ్చు. సిటీ కాలేజీ, బేగంపేట మహిళా కాలేజీ, నారాయణగూడ బీజేఆర్ లాంటి ప్రభుత్వ కాలేజీలని ఫీజు తక్కువనే చిన్నచూపుతో వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. అక్కడ ఎంపిక చేసి నియమించిన అధ్యాపకులుంటారు. ఒకసారి వెళ్లి చూశాకే మాట్లాడండి.

కాలేజీ పేరుతో పాటు కోర్సు, కాంబినేషన్, మీడియం కూడా చూడండి. బీకాం కంప్యూటర్స్ అందరూ తీసుకుంటున్నారని తీసుకోకండి. పీజీలో ఫిజిక్స్ చదవాలనుకునే పిల్ల ఇప్పుడే ఫిజిక్స్ ఉన్న కాంబినేషన్ ఎంచుకోవాలి. ప్రయాణం కూడా లెక్కేయండి. హయత్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి రోజూ వెళ్లిరావడం మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత అటెండెన్స్ పడిపోతుంది. రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు ఉండాలి.

సీటు వచ్చాక ఇచ్చిన తేదీలోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు మీరే లాగిన్ అయి చెప్పకపోతే, సీటు పోతుంది. మెసేజ్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజు లాగిన్ అయి చూడండి. ఇంకా మంచిది కావాలనుకుంటే వచ్చిన సీటుకి రిపోర్ట్ చేసి, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు ఇవ్వచ్చు. అప్పుడు మాత్రం చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా ఎక్కువ ఇష్టమైనవే పెట్టండి, ఎందుకంటే కొత్త సీటు రాగానే పాతది దానంతటదే రద్దవుతుంది.

ప్రైవేటు కాలేజీలో చేరేరోజు ఒక మాట అడగండి: "ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మమ్మల్ని కట్టమంటారా?" బకాయిల వల్ల కాలేజీలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమే, కానీ చివర్లో సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయేది పిల్లలు. జవాబు కాగితం మీద ఇస్తే ఇంకా మంచిది. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పరిశీలన కోసం ఇచ్చినా, ఏమేం ఇచ్చారో రాయించుకుని సంతకం తీసుకోండి, ఇంటికొచ్చి ఫోటో తీసి పెట్టుకోండి.

దోస్త్‌లో సీటు వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ మంజూరైనట్టు కాదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో వేరుగా దరఖాస్తు చేయాలి, దానికీ గడువుంటుంది. కాలేజీ వాళ్లే చేసేస్తారని వదిలేయకుండా, అప్లికేషన్ నంబర్ తీసుకుని ఆ స్టేటస్ మీరే చూస్తుండండి.