ఏడవ పాఠం: ముందు వాక్యాన్ని అందుకొనే సర్వనామాలు

గత పాఠంలోని అభ్యాసాన్ని రాసి పంపినవారిలో చాలామంది ఇంగ్లీషు సర్వనామాలలో ‘హి’, ‘షి’లను సరిగానే వాడారు గాని, ‘ఇట్’ను మాత్రం వదిలేశారు. అందువల్ల ఈ పాఠంలోనూ వీటినే చూద్దాం; ‘హూ’, ‘విచ్’లను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

‘సినిమా చూశావా?’ అంటే ‘చూశాను’ అంటాం. దేన్ని చూశామో మళ్లీ చెప్పనక్కరలేదు. ఆ అలవాటు కొద్దీ ‘డిడ్ యు లైక్ ది ఫిల్మ్?’ అన్న ప్రశ్నకు ‘యెస్, ఐ లైక్డ్’ అని ఆపేస్తున్నారు. అక్కడ ‘ఐ లైక్డ్ ఇట్’ అనే తీరాలి. అలాగే ‘తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను’ అన్నది ‘ఐ టుక్ ది కీ అండ్ పుట్ ఇట్ ఆన్ ది టేబుల్’ అవుతుంది. వచనం విషయంలో ఇంగ్లీషు నామవాచకాన్నే చూడాలి: మన ‘సామాన్లు’ బహువచనమైనా ‘లగేజ్’కు ‘ఇట్’ వస్తుంది, మన ‘కత్తెర’ ఏకవచనమైనా ‘సిజర్స్’కు ‘దే’, ‘దెమ్’ వస్తాయి.

ఇంతకంటె నన్ను ఎక్కువగా బాధపెట్టేది ‘తాను’తో వచ్చే చిక్కు. ‘రవి సురేశ్‌తో తాను పాసయ్యానని చెప్పాడు’ అంటే పాసైనది రవి. ‘అతను పాసయ్యాడని చెప్పాడు’ అంటే సురేశో, మరొకరో గాని రవి కాడు. ఇంత స్పష్టమైన తేడా ఇంగ్లీషులోకి వెళ్లగానే చెరిగిపోయి, రెండూ ‘రవి టోల్డ్ సురేశ్ దట్ హి హ్యాడ్ పాస్డ్’ అనే ఒకే వాక్యమవుతాయి. దీన్ని సరిచేయబోయి కొందరు ‘తాను’ స్థానంలో ‘హిమ్‌సెల్ఫ్’ పెట్టి ‘దట్ హిమ్‌సెల్ఫ్ హ్యాడ్ పాస్డ్’ అని రాస్తున్నారు. దయచేసి అలా రాయకండి; ‘హిమ్‌సెల్ఫ్’ ఒంటరిగా కర్త స్థానంలో నిలబడదు. ‘హి హిమ్‌సెల్ఫ్’ అన్నా ఆ ‘హి’ ఎవరన్న సందేహం తీరదు. పాసైనది రవి అయితే అతని మాటనే యథాతథంగా ఇచ్చి, ‘రవి సెడ్ టు సురేశ్, “ఐ హావ్ పాస్డ్”’ అనడం మేలు. పాసైనది సురేశ్ అయితే నేను క్రియనే మార్చేస్తాను: ‘రవి కంగ్రాచులేటెడ్ సురేశ్ ఆన్ పాసింగ్’. వ్యాకరణ పుస్తకాలు పేరును మళ్లీ రాయమంటాయి; తప్పు లేదు గాని, ఒకే వాక్యంలో ఒకే పేరు రెండుసార్లు రావడం నాకు నచ్చదు. రవి మాట్లాడింది లతతో అయితే ‘హి’, ‘షి’లే ఎవరు పాసయ్యారో చెప్పేస్తాయి కనుక ఈ బాధ లేదు.

అభ్యాసం: ఒక ఇంగ్లీషు దినపత్రికలో ఇద్దరు మగవారి మధ్య జరిగిన వివాదం గురించిన వార్తను తీసుకొని, అందులోని ప్రతి ‘హి’, ‘హిమ్’, ‘హిజ్’ కింద అది ఎవరిని సూచిస్తోందో రాయండి. తరువాత ఆ వార్త మొత్తాన్ని ‘తాను’, ‘అతను’ తేడా తెలిసేలా తెలుగులోకి మార్చి, పత్రికను పక్కన పెట్టి, మీ తెలుగునుంచే తిరిగి ఇంగ్లీషులో రాయండి.