వేగం తగ్గినా ఆట తగ్గని పాయింట్ గార్డ్: సూ బర్డ్ ఆట నుంచి నేర్చుకోవలసిన సాధన

2002లో సియాటిల్ స్టార్మ్ జట్టు సూ బర్డ్‌ను అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగత్తెలను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొట్టమొదటి స్థానంలో ఎంచుకుంది. అప్పుడామెకు 21 ఏళ్ళు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు దాదాపు 35 నిమిషాలు ఆడి సగటున 6 అసిస్టులు (సహచరి వెంటనే బుట్టలో వేసేలా ఇచ్చిన పాస్‌లు) ఇచ్చింది. 2018లో ఆమెకు 37 ఏళ్ళు. మ్యాచ్‌కు దాదాపు 27 నిమిషాలే ఆడింది, అసిస్టులు మాత్రం సగటున 7.1. ఆమె కెరీర్ మొత్తంలో అంతకు మించిన సగటు లేదు. 2022లో ఆట ఆపేసేటప్పటికి 580 మ్యాచ్‌లు, 3,234 అసిస్టులు, నాలుగు లీగ్ టైటిళ్ళు (2004, 2010, 2018, 2020), ఐదు ఒలింపిక్ స్వర్ణాలు ఆమె ఖాతాలో ఉన్నాయి.

కాళ్ళు నెమ్మదించాక పాస్‌లు పెరగడానికి కారణం ఉంది. జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డ్‌ను ఎక్కువ కాలం నిలబెట్టేది డిఫెన్స్‌ను అరక్షణం ముందు చదవగలగడం. 5 అడుగుల 9 అంగుళాల బర్డ్ ఎగిరి ఆడే ఆటగత్తె కాదు. ఆమె చేసిన పనుల్లో చాలావరకు సిమెంటు కోర్టు మీద, రెండు కుర్చీలతో, ఒక స్నేహితురాలి సాయంతో సాధన చేయగలిగినవే. కాలేజీ జట్టులోనో రైల్వేస్‌లోనో ఆడుతూ పాతికేళ్ళు దాటగానే "ఇక నా పని అయిపోయింది" అనుకునే అమ్మాయిల కోసం ఈ వివరాలు.

ముందు గడియారం

షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి జట్టుకున్న గడువు, 24 సెకన్లు. బంతిని 8 సెకన్లలోపు సగం కోర్టు దాటించాలి. చాలామంది ఈ ఎనిమిదినీ తమ హక్కుగా వాడేస్తారు. ఏడో సెకనుకు దాటి, పదో సెకనుకు ఆట పిలిచి, పన్నెండుకు స్క్రీన్ (సహచరి కదలకుండా నిలబడి మీ డిఫెండర్‌కు అడ్డుపడటం) తీసుకుంటే అది విఫలమయ్యాక మిగిలేది బలవంతపు షాట్ ఒక్కటే. నాలుగైదు సెకన్లకు దాటి, ఏడో సెకనుకల్లా స్క్రీన్ మొదలుపెట్టండి. మొదటి ప్రయత్నాన్ని డిఫెన్స్ ఆపినా ఇంకా పన్నెండు సెకన్లుంటాయి, రెండోసారి స్క్రీన్ ఆడొచ్చు. సాధనలో ఒకరు పక్కన నిలబడి 20, 17, 12, 5 అంకెలను గట్టిగా అరవాలి. నెల తిరిగేసరికి బోర్డు వైపు చూడకుండానే మీకు సమయం తెలుస్తుంది.

ఆట పేరు సగం గీత దాటకముందే చెప్పాలి. చేత్తో సైగ ఒకటి, నోటితో మాట ఒకటి, రెండూ కావాలి. హాల్లో గోల ఉంటే మాట వినపడదు, వీపు తిప్పి పరిగెత్తే పోస్ట్ ప్లేయర్‌కు (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగత్తె) సైగ కనపడదు.

పిక్ అండ్ రోల్: అసలు పని ఇక్కడే

స్టార్మ్‌లో బర్డ్ మొదట లారెన్ జాక్సన్‌తో, తర్వాత బ్రియానా స్టువర్ట్‌తో ఏళ్ళ తరబడి ఆడిన ఆట ఇది: సహచరి స్క్రీన్ వేస్తుంది (పిక్), మీరు దాన్ని దాటగానే బుట్ట వైపు తిరిగి వెళ్తుంది (రోల్). స్క్రీన్ వేసేవాళ్ళు బయటినుంచి కూడా షాట్ వేయగలిగితే దీన్ని ఆపడం ఎవరికైనా కష్టమే.

స్క్రీన్ వేసే అమ్మాయి రెండు పాదాలూ నేలకు ఆనించి ఆగేదాకా మీరు కదలొద్దు. ముందే కదిలితే ఆమె మీతో పాటు జరుగుతుంది, కదిలే స్క్రీన్ కింద ఫౌల్ ఇస్తారు. విజిల్ ఆమె మీద పడుతుంది, తప్పు మాత్రం గార్డ్‌ది. కోచ్‌లు పోస్ట్ ప్లేయర్‌ను తిట్టే సందర్భాల్లో సగం ఇలాంటివే.

ఆగింది అని చూసుకున్నాక స్క్రీన్‌కు వ్యతిరేక దిశలో రెండడుగులు వేయండి, ఒక్క డ్రిబుల్‌తో. మీ డిఫెండర్ బరువు అటు కాలి మీదకు వెళ్ళగానే క్రాస్‌ఓవర్ చేసి, అంటే బంతిని రెండో చేతికి మార్చి, స్క్రీన్ వైపు తిరగండి. మీ భుజం స్క్రీనర్ నడుమును రాసుకుంటూ పోవాలి. మధ్యలో ఒక మనిషి దూరే సందు ఉంటే డిఫెండర్ అందులోంచే వచ్చేస్తుంది, స్క్రీన్ వేసి ప్రయోజనం ఉండదు.

స్క్రీన్ దాటగానే అందరూ చేసే పొరపాటు పరుగందుకోవడం. అక్కడ నెమ్మదించాలి. వెనక పడ్డ డిఫెండర్‌ను వీపు మీదే ఉంచుకుని, తుంటితో అడ్డుపడుతూ, రెండు డ్రిబుల్స్ నడక వేగంతో వేయండి. ఆమె ముందుకు రాలేదు, అవతలి పోస్ట్ (మీ స్క్రీనర్‌ను కాసే డిఫెండర్) ఒక్కతే మీ ఇద్దరినీ కాయాలి. ఆ రెండు డ్రిబుల్స్ సమయంలోనే నిర్ణయం తీసుకోవాలి. బర్డ్ నలభై దగ్గరపడ్డాక కూడా ఇక్కడ ఎవరికీ చిక్కలేదు, ఎందుకంటే ఇక్కడ పరుగు అవసరం లేదు.

చూడాల్సింది అవతలి పోస్ట్ పాదాలను. ముఖం మోసం చేస్తుంది, పాదాలు చేయలేవు.

ఆమె పాదాలు వెనక్కి పెయింట్‌లోకి (బుట్ట ముందున్న దీర్ఘచతురస్రపు గడి) జారుతుంటే ఫ్రీ త్రో గీత మూల దగ్గర ఖాళీ ఉంటుంది. రెండో డ్రిబుల్ మీద ఆగి షాట్ వేయండి. ఆ షాట్ రెండుసార్లు పడితే మూడోసారి ఆమె ముందుకొస్తుంది, అప్పుడు రోల్ అయ్యే అమ్మాయికి పాస్ తెరుచుకుంటుంది. షాట్ వేయని గార్డ్‌కు ఈ పాస్ ఎన్నటికీ దొరకదు. బర్డ్ కెరీర్‌లో మూడు పాయింట్ల షాట్లు దాదాపు 39 శాతం పడ్డాయి, ఆమె పాస్‌లకు దారులు తెరిచింది ఆ భయమే.

పోస్ట్ పాదాలు మీకు అడ్డంగా, గీత వెంట పరిగెత్తుతుంటే ఆమె మిమ్మల్ని కాసేపు ఆపి వెనక్కి పోవాలనుకుంటోంది. ఎదురెళ్ళొద్దు. రెండు డ్రిబుల్స్ వెనక్కి వేయండి. ఆమె ఇంకా వెంటపడితే రోల్ అయిన అమ్మాయికి తల మీదుగా పాస్, తిరిగిపోతే మళ్ళీ ఇద్దరి మీద ఒక్కరే.

మీ డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి దూరి వస్తుంటే స్క్రీన్ వెనకే ఆగి మూడు పాయింట్ల షాట్ వేయాలి. ఈ షాట్ లేని గార్డ్‌ను మంచి జట్లు రెండో క్వార్టర్‌కల్లా కనిపెట్టేస్తాయి.

ఇద్దరూ మనుషులను మార్చుకుంటే తొందరపడి పోస్ట్ మీదకు దూసుకెళ్ళకండి. ముందు లోపల చూడండి, మీ పొడుగాటి సహచరి మీద ఇప్పుడు పొట్టి గార్డ్ ఉంది. బంతిని నేరుగా ఇచ్చే కోణం లేకపోతే 45 డిగ్రీల దగ్గర నిలబడ్డ వింగ్‌కు (పక్కల ఆడే సహచరి) ఇచ్చి అక్కడినుంచి లోపలికి పంపించండి.

ఇద్దరూ మీ మీదే విరుచుకుపడితే అది నిజానికి వరం. డ్రిబుల్ ఆపకుండా ఒక అడుగు వెనక్కి లాగి, ఫ్రీ త్రో గీత దగ్గర ఆగిన స్క్రీనర్‌కు ఇవ్వండి. అక్కడినుంచి మీ జట్టుది ముగ్గురి మీద నలుగురి ఆట. పాస్ ఇచ్చే కోణం దొరక్కముందే డ్రిబుల్ ఆపేసి రెండు చేతులతో పట్టుకున్నారా, అక్కడితో ఇరుక్కుపోతారు.

పాస్ ఎలా వెళ్ళాలి

రోల్ అయ్యే అమ్మాయికి ఇచ్చే పాస్‌ను డ్రిబుల్ నుంచే, ఒక్క చేత్తో, నేలకు కొట్టి ఇవ్వాలి. మీ ఇద్దరి మధ్య దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర బంతి నేలకు తగలాలి. అంతకంటే మీకు దగ్గరగా తగిలితే బంతి ఎత్తుగా, నెమ్మదిగా వెళ్ళి మధ్యలో చెయ్యి పడుతుంది. ఆమెకు మరీ దగ్గరగా తగిలితే కాళ్ళ దగ్గర చిక్కుకుంటుంది. మోకాలికీ నడుముకీ మధ్య, డిఫెండర్‌కు దూరంగా ఉన్న చేతికి అందాలి.

రెండు చేతుల్లోకి తీసుకుని ఇచ్చేవాళ్ళకు అరక్షణం పోతుంది. ఆ అరక్షణంలో సందు మూసుకుంటుంది. గాల్లోకి ఎగిరి పాస్ ఇవ్వడం ఇంకో చెడ్డ అలవాటు, పైకెళ్ళాక మనసు మార్చుకునే వీలుండదు.

సాధన: ఒక కుర్చీ స్క్రీన్ అనుకోండి, ఇంకొక కుర్చీ అవతలి పోస్ట్. రెండో కుర్చీ పక్కనుంచి గోడ మీద సుద్దతో గీసిన గడికి పాస్ కొట్టాలి. కుడిచేత్తో 25, ఎడమచేత్తో 25. ఎడమచేయి కుదరడానికి నెలలు పడుతుంది, అయినా మానొద్దు. కుడివైపు మాత్రమే ఆడే గార్డ్‌ను పక్క గీత వైపు నెట్టేసి ఆట కట్టిస్తారు. స్నేహితురాలు దొరికిన రోజు ఆమెను రెండో కుర్చీ స్థానంలో నిలబెట్టండి. ఆమె ఆఖరి క్షణంలో వెనక్కో, ముందుకో, పక్కకో అడుగేస్తుంది. దాన్నిబట్టి మీరు షాటో పాసో ఎంచుకోవాలి. ఇలా 30 సార్లు. లెక్కపెట్టాల్సింది సరైన నిర్ణయాలను, పడ్డ బంతులను కాదు. 30లో 24 దాటేదాకా వేగం పెంచకండి.

బంతి విషయం. మన కాలేజీ గ్రౌండ్లలో తరచూ చేతికి దొరికేది అబ్బాయిల 7వ సైజు బంతి. ఆడవాళ్ళ పోటీలకు 6వ సైజు వాడతారు, చుట్టుకొలత దాదాపు 72 సెంటీమీటర్లు. పెద్ద బంతితో ఒక్క చేతి పాస్ కుదరక రెండు చేతుల అలవాటు పడిపోతుంది. సొంతంగా 6వ సైజు కొనుక్కోండి, సిమెంటు మీదైతే తోలుది వద్దు, రబ్బరుదే మన్నుతుంది.

వీడియో చూసే పద్ధతి

మ్యాచ్ మొత్తం చూడటం కాలక్షేపం. ఇరవై పిక్ అండ్ రోల్‌లు ఎంచుకోండి. స్క్రీన్ తగిలిన క్షణంలో ఆపండి. పోస్ట్ పాదాలు ఎటున్నాయి, ఎదుటి మూలన నిలబడ్డ డిఫెండర్ ఎంత లోపలికొచ్చింది, ఈ రెండూ చూసి మీరైతే ఏం చేస్తారో పైకి చెప్పండి. తర్వాత ఆడించండి. 2020 ఫైనల్స్‌లో లాస్ వేగాస్‌తో మొదటి మ్యాచ్ దొరికితే దానితో మొదలుపెట్టండి. బర్డ్ అందులో 16 అసిస్టులు ఇచ్చింది, అప్పటికామెకు 39 ఏళ్ళు.

మోకాలు

బర్డ్ కనెక్టికట్ యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదే, ఎనిమిది మ్యాచ్‌లకే ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) తెగింది. తర్వాత అదే మోకాలు 2013 సీజన్‌నూ, 2019 సీజన్‌నూ పూర్తిగా తినేసింది. అంత జరిగినా ఆమె 41 ఏళ్ళదాకా ఆడింది కాబట్టి ఈ భాగాన్ని దాటేయకండి.

అమ్మాయిల్లో ఏసీఎల్ గాయం అబ్బాయిల కంటే ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తాకకుండానే తెగుతుంది: పరుగులో హఠాత్తుగా ఆగినప్పుడో, దిశ మార్చినప్పుడో, దూకి దిగినప్పుడో, మోకాలు దాదాపు నిటారుగా ఉండి లోపలికి వాలుతుంది. అందుకే దిగడం నేర్చుకోవాలి. అడుగు ఎత్తు, అంటే 30 సెంటీమీటర్ల పెట్టె మీదనుంచి దిగి, మోకాళ్ళు వంచి, మోకాలిచిప్ప రెండో కాలివేలి మీదుగా ఉండేలా మూడు సెకన్లు అలాగే ఆగండి. రెండు కాళ్ళతో 8, ఒక్కో కాలితో 5. ముందునుంచి ఫోన్‌లో వీడియో తీస్తే మోకాలు లోపలికి పోతోందో లేదో ఇట్టే తెలుస్తుంది.

దీనికి తొడ వెనక కండరం కలపండి. మోకాళ్ళ మీద నిలబడి, మడమలను ఎవరైనా పట్టుకుంటే, నడుము వంచకుండా నిదానంగా ముందుకు వాలడం. మొదటి వారం 5 చొప్పున రెండు సెట్లు చాలు. ఎక్కువ చేస్తే రెండు రోజులు మెట్లు దిగలేరు. ఇవన్నీ వార్మప్‌లోనే, వారానికి మూడుసార్లు, పావుగంట చేస్తే చాలు. పోటీలు మొదలయ్యాక మానేస్తే మాత్రం ఫలితం కరిగిపోతుంది.

ఆపరేషన్ అయినవాళ్ళు తొమ్మిది నెలలు నిండకుండా మ్యాచ్ ఆడొద్దు. నొప్పి నాలుగైదు నెలలకే పోతుంది, అదే మోసం. అమర్చిన లిగమెంట్ గట్టిపడటానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఒంటికాలి గెంతులో గాయపడ్డ కాలు రెండో కాలి దూరంలో కనీసం 90 శాతం అందుకోవాలి. టోర్నమెంట్ ఉందని, సెలక్షన్లున్నాయని తొందరపెట్టేవాళ్ళకు ఫిజియో చేత లెక్కలు చూపించండి.

సిమెంటు కోర్టు మీద వారంలో ఆరు రోజులు దూకడం ఏ మోకాలికీ మంచిది కాదు. దూకే సాధనను మట్టి మీదకో, ఇండోర్ చెక్క కోర్టు దొరికే రోజుకో మార్చుకోండి. అరిగిన బూట్ల అడుగు నున్నబడగానే మార్చేయాలి, దుమ్ముపట్టిన సిమెంటు మీద జారితే చీలమండకు గాయం కావచ్చు.

ఏడాది పొడవునా ఆడితే

అమెరికాలో జీతాలు తక్కువ కావడంతో ఆ తరం క్రీడాకారిణులు వేసవిలో డబ్ల్యూఎన్‌బీఏ, చలికాలంలో విదేశీ లీగులు ఆడేవారు. బర్డ్ కూడా ఏళ్ళ తరబడి రష్యాలో ఆడింది, స్పార్టక్ మాస్కో, యూఎమ్ఎమ్‌సీ ఎకతెరిన్‌బర్గ్ జట్లతో యూరోలీగ్ టైటిళ్ళు గెలిచింది. 2014 తర్వాత వెళ్ళడం మానేసింది. తిండి, నిద్ర, వ్యాయామం పద్ధతిగా మార్చుకుంది. 2018 నాటి ఆటకు ఆ విరామాలే పునాది. ఆ ఏడాది సెమీఫైనల్‌లో ముక్కు విరిగితే, ఫీనిక్స్‌తో ఐదో మ్యాచ్‌కు మాస్కు పెట్టుకుని దిగి 22 పాయింట్లు చేసింది, వాటిలో 14 చివరి క్వార్టర్‌లోనే.

ఇక్కడ యూనివర్సిటీ పోటీలు, జిల్లా, రాష్ట్ర, డిపార్ట్‌మెంట్ టోర్నమెంట్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఏడాదిలో కనీసం ఆరు వారాలు మ్యాచ్‌లు లేకుండా చూసుకోండి. ఆ వారాల్లో ఈత, సైకిల్, బరువులు, కుర్చీల సాధన ఉండొచ్చు, ఐదుగురి ఆట వద్దు. ముప్ఫై దాటినవాళ్ళు కోచ్‌తో ముందే మాట్లాడి 40 నిమిషాల మ్యాచ్‌లో 25–28 నిమిషాలు ఒప్పించుకోవాలి. ప్రతి క్వార్టర్ చివరి మూడు నిమిషాలు మీవి కావాలి, విశ్రాంతి మొదట్లో కాకుండా మధ్యలో తీసుకోండి. కూర్చున్నప్పుడు మోకాళ్ళు చల్లబడకుండా ట్రాక్ ప్యాంటు వేసుకుని, రెండు నిమిషాలకోసారి లేచి నడవండి.

ఉదయం లేవగానే మోకాలిచిప్ప మధ్యన టేపుతో కొలిచి రాసుకోండి, రోజూ ఒకే చోట. మామూలు కొలత కంటే సెంటీమీటరు పెరిగితే లోపల నీరు చేరుతున్నట్టు. ఆ రోజు దూకడం, పరుగు రెండూ వద్దు. నిలబడి 50 ఫ్రీ త్రోలు, గోడ పాస్‌లు, ఇరవై వీడియో ముక్కలు చూసి ఊరుకోండి. మూడు రోజులకూ కొలత తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.