టోపలాజికల్ పదార్థాలపై లేజర్ కాంతి – నాలుగవ పాఠం: కోణం నుంచి ద్రవ్యవేగానికి

గత పాఠంలో బిస్మత్ సెలనైడ్ అనే టోపలాజికల్ పదార్థపు (లోపల విద్యుత్తును అడ్డుకుని, ఉపరితలంపై మాత్రం ప్రసరింపనిచ్చే పదార్థం) స్ఫటికాన్ని అత్యధిక శూన్యంలో పొర ఊడదీసి, గాలి సోకని తాజా ఉపరితలాన్ని సిద్ధం చేసుకున్నాం. ఇప్పుడు దానిపై లేజర్ కాంతి పడినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్ల చిత్రాన్ని చదవడం నేర్చుకుందాం. ఆర్పెస్ (కోణాలవారీగా విడదీసి చూసే ఫోటో ఎలక్ట్రాన్ వర్ణపట పద్ధతి) అనే ఈ పద్ధతిలో విశ్లేషకం మనకు ఇచ్చేవి రెండే రెండు కొలతలు: ఎలక్ట్రాన్ ఏ కోణంలో బయటికి వచ్చింది, ఎంత గతిజశక్తితో వచ్చింది. తెరపై ఇంటూ గుర్తులాంటి ఆకారం కనబడగానే డిరాక్ శంకువు (ఎలక్ట్రాన్ల శక్తి ద్రవ్యవేగంతో పాటు సరళరేఖలా మారడం వల్ల ఏర్పడే శంకువు ఆకారం) దొరికిందని సంతోషించడం సహజమే. కానీ కోణాన్ని ద్రవ్యవేగంగా మార్చనంతవరకు ఆ చిత్రం పదార్థం గురించి చెప్పేది చాలా తక్కువ.

ముందుగా శక్తి సంగతి చూద్దాం. టైటానియం సఫైర్ లేజర్ ఫోటాన్ శక్తి సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రత్యేక స్ఫటికాల సాయంతో దాని పౌనఃపున్యాన్ని నాలుగు రెట్లు చేస్తే 6 ఎలక్ట్రాన్ వోల్టుల అతినీలలోహిత కాంతి వస్తుంది. పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్‌ను పదార్థం నుంచి బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుందాం. 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఫెర్మి స్థాయి (పదార్థంలో ఎలక్ట్రాన్లు నిండి ఉన్న అత్యధిక శక్తి స్థాయి) నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌కు మిగిలే గతిజశక్తి 6 నుంచి 4.3 తీసివేయగా 1.7.

ఇక ద్రవ్యవేగం. ఎలక్ట్రాన్ ఉపరితలాన్ని దాటేటప్పుడు దాని ద్రవ్యవేగంలో లంబంగా ఉన్న భాగం మారిపోతుంది, సమాంతరంగా ఉన్న భాగం మాత్రం నిలుస్తుంది. ఉపరితల స్థితులను చదవడానికి మనకు కావలసినదీ ఆ భాగమే. దాని సూత్రం మాటల్లో ఇది: గతిజశక్తి వర్గమూలాన్ని 0.512తో గుణించి, వచ్చినదాన్ని కోణపు సైన్ విలువతో గుణించాలి. ఫలితం విలోమ ఆంగ్‌స్ట్రామ్‌లలో (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), అంటే తగ్గించిన ప్లాంక్ స్థిరాంకంతో భాగించిన ద్రవ్యవేగంగా వస్తుంది. 1.7 వర్గమూలం 1.304 కనుక మన గుణకం 0.668. పది డిగ్రీల సైన్ విలువ 0.174 కాబట్టి, ఆ కోణంలో వచ్చిన ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం 0.116. కాలిక్యులేటర్ డిగ్రీలలో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు చివరి అంకె దాకా వెంట వస్తుంది.

ఈ గుణకం మరో ముఖ్యమైన సంగతిని బయటపెడుతుంది. సైన్ విలువ ఒకటిని మించదు కనుక, 6 ఎలక్ట్రాన్ వోల్టుల లేజర్‌తో 0.668 దాటిన ద్రవ్యవేగాన్ని ఎంత వంచి చూసినా అందుకోలేం. బిస్మత్ సెలనైడ్ ఉపరితలపు బ్రిల్లువాన్ మండలం (స్ఫటికంలోని ఎలక్ట్రాన్ స్థితుల ద్రవ్యవేగాలన్నీ ఇమిడే మూల ప్రాంతం) అంచు అతి దగ్గరి చోట కూడా సుమారు 0.88 దూరంలో ఉంటుంది. అయినా ఈ లేజర్ ఈ పదార్థానికి చక్కగా సరిపోయింది, ఎందుకంటే దాని ఏకైక డిరాక్ శంకువు మండలం నట్టనడుమే ఉంది. ఒకే పరమాణువు మందం ఉండే కార్బన్ పొర అయిన గ్రాఫీన్‌లో శంకువులు 1.70 దగ్గర, దాని మండలం మూలల్లో ఉండటం వల్ల ఇదే లేజర్‌కు అవి కనబడవు. పదార్థాన్ని ఎంచుకునే ముందే ఈ లెక్క వేసుకోవడం మంచి అలవాటని నా గట్టి అభిప్రాయం.

మరోవైపు, గుణకం చిన్నదైనకొద్దీ ఒక్కో డిగ్రీ అతి చిన్న ద్రవ్యవేగ వ్యత్యాసానికి సమానమవుతుంది కాబట్టి, మండలం నడిమి భాగం లేజర్ చిత్రంలో పెద్దదిగా, స్పష్టంగా పరుచుకుంటుంది.

ఇప్పుడు శంకువు వాలు కొలుద్దాం. మన చిత్రంలో శంకువు కొన ఫెర్మి స్థాయికి 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన ఉందనీ, శంకువు చేతులు ఫెర్మి స్థాయిని 0.1 విలోమ ఆంగ్‌స్ట్రామ్ దగ్గర తాకుతున్నాయనీ అనుకుందాం. సెలీనియం పరమాణువులు కొన్ని లోపించడం వల్ల ఈ స్ఫటికాలలో అదనపు ఎలక్ట్రాన్లు చేరి, కొన ఇలా కిందికి జరగడం మామూలే. 0.3ను 0.1తో భాగిస్తే 3 ఎలక్ట్రాన్ వోల్ట్ ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని తగ్గించిన ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే సెకనుకు దాదాపు 4.6 లక్షల మీటర్ల వేగం వస్తుంది. చేతులు కాస్త వంగి ఉంటాయి కనుక ఇది సగటు విలువ మాత్రమే; కొన దగ్గరి వాలును విడిగా కొలవాలి.

అభ్యాసం: 1064 నానోమీటర్ల లేజర్ పౌనఃపున్యాన్ని మూడు రెట్లు చేసి, ఆ కాంతిని జినాన్ వాయువులో మళ్లీ మూడు రెట్లు చేస్తే సుమారు 10.5 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ వస్తుంది. పని ప్రమేయం అదే 4.3 అనుకుని, బిస్మత్ సెలనైడ్ మండలపు అంచును ఏ కోణంలో చూడగలమో, గ్రాఫీన్ మూలలు అందుతాయో లేదో లెక్కించండి. మొదటి జవాబు 44 డిగ్రీలకు దగ్గరగా రావాలి.